చదరంగపు గళ్ల సంఖ్యను కాగితం మీద విడగొట్టడం ఎలా?

చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలన్న లెక్క మనమందరం చిన్నప్పుడే విన్నాం. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. అంటే లక్షా 84 వేల కోటి కోట్లకు పైమాటే. చాలామంది ఆ సంఖ్య పొడవు చూసి ఆశ్చర్యపడి అక్కడితో ఆగిపోతారు. అసలు చూడవలసినదంతా ఆ తరవాతే ఉంది. ఈ సంఖ్యకు ఎన్ని భాజకాలు? ఏయే ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఇది ఏర్పడింది? ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టడానికి కంప్యూటర్ అవసరం లేదు. పదో తరగతి లెక్కలు వస్తే, ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిక దొరికితే, కాగితం మీదే చేయవచ్చు.

ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోండి. ఇంత పెద్ద సంఖ్యను అంకెల వైపు నుంచి పట్టుకుంటే లొంగదు. అది ఎలా పుట్టిందో ఆ వైపు నుంచి పట్టుకోవాలి. కింద చేయబోయే పని అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: సంఖ్యను మీరే తయారు చేసుకోండి

1 + 2 + 4 = 7. తరవాతి గడిలో పడవలసినవి 8. ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా పోసిన గింజల మొత్తం తరవాతి గడి లెక్కకు ఒకటి తక్కువే. కాబట్టి 64 గళ్ల మొత్తం 2⁶⁴ − 1.

దీనికోసం 64 సార్లు రెట్టించకండి. వర్గం చేస్తూ పోతే ఆరు అడుగులే: 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65536, 4294967296, చివరిది మన 2⁶⁴. మొదటి నాలుగూ నోటి లెక్కే. 65536 వర్గానికి దాన్ని 65000 + 536గా విడదీయండి. 65000 వర్గం 422,50,00,000. రెండు రెట్ల లబ్ధం 6,96,80,000. 536 వర్గం 2,87,296. కూడితే 429,49,67,296.

చివరి వర్గం దగ్గరే కాస్త ఓపిక కావాలి. 4294967296ను మధ్యకు కోసి 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. 42949 వర్గం 1844616601. 42949 × 67296 × 2 విలువ 5780591808. 67296 వర్గం 4528751616. మొదటి దాని పక్కన పది సున్నాలు, రెండో దాని పక్కన ఐదు సున్నాలు పెట్టి మూడింటినీ కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మన సంఖ్య.

ఈ పనిని ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్‌కు అప్పగించకండి. అది 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుకుని మిగతా చోట సున్నాలు వేసేస్తుంది. చూడడానికి సంఖ్యలాగే ఉంటుంది గాని, భాజకాలు వెతకడానికి పనికిరాదు. కంప్యూటర్‌తో సరిచూసుకోవాలనుకుంటే పైథాన్ వాడండి. పూర్ణాంకం ఎంత పెద్దదైనా అది ఒక్క అంకె కూడా వదలదు.

రెండో మెట్టు: సరిచూసుకోండి

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అపురూపమైన సౌకర్యం ఉంది. పాతకాలపు తెలుగు గణిత కవి పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న ఒక పద్యం ఈ 20 అంకెలనూ భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వాటిని గుర్తుచేసే మాటలతో, చెబుతుంది. వరసగా ఆ మాటలివి: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు ఐదు కనుక శర, సాయక అంటే 5. చంద్రుడు ఒక్కడే కనుక శశి, చంద్ర, తుహినాంశు అంటే 1. షట్క, తర్క 6. నవరంధ్రాలు కనుక రంధ్ర 9. ఆకాశం శూన్యం కనుక వియత్, గగన 0. కొండలు ఏడు, అగ్నులు మూడు, సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది. వరసగా అంకెలు వేస్తే 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. భూతసంఖ్యల్లో ఒకట్ల స్థానం ముందు వస్తుంది కాబట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. మీరు చేసిన లెక్కతో పోల్చి చూడండి. ఇరవైకి ఇరవై అంకెలూ సరిపోతాయి. సముద్రాలు ఏడని లెక్కించే సంప్రదాయమూ ఉంది గాని ఇక్కడ అబ్ధి, పయోనిధి రెండూ నాలుగే.

పద్యం తెలియని సంఖ్యలకు కూడా పనికివచ్చే పరీక్ష మరొకటి ఉంది. దాన్ని తప్పకుండా అలవాటు చేసుకోండి. అదే శేషాల పరీక్ష.

ముందు 9. మన సంఖ్య అంకెల మొత్తం 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. అంటే 9తో భాగిస్తే శేషం 6. ఇప్పుడు అంకెలు చూడకుండా సంఖ్య పుట్టుక నుంచి అదే శేషం రాబట్టండి. 2⁶ అంటే 64, దాన్ని 9తో భాగిస్తే శేషం 1. 64వ ఘాతంలో ఆరులు పది పోగా నాలుగు మిగులుతుంది. 2⁴ = 16, శేషం 7. ఒకటి తీసేస్తే 6. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి.

తరవాత 7, 11, 13. వీటి లబ్ధం 1001. అందువల్ల సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల చొప్పున విడగొట్టి, ఒక ముక్కను కూడుతూ తరవాతి ముక్కను తీసేస్తూ పోతే మూడింటి పరీక్షా ఒక్కసారే అయిపోతుంది.

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016ను 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. ఘాతాల వైపు నుంచి చూస్తే, 7కు 2³ శేషం 1, 11కు 2¹⁰ శేషం 1, 13కు 2¹² శేషం 1. వీటితో 2⁶⁴ − 1 శేషాలు లెక్కించండి. అవే 1, 4, 2 వస్తాయి. రాసేటప్పుడు ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ పరీక్ష తప్పక పట్టిస్తుంది.

చేస్తూ చేస్తూనే కొన్ని విషయాలు తేలిపోయాయి. అంకెల మొత్తం 87 కనుక సంఖ్యను 3 భాగిస్తుంది, 9 భాగించదు. చివర 15 ఉంది కనుక 5 భాగిస్తుంది, 25 భాగించదు. 7, 11, 13 అసలు భాగించవు.

మూడో మెట్టు: ఒకే సర్వసమీకరణంతో చీల్చండి

ఇక్కడి నుంచి 17, 19, 23 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోవాలనిపిస్తుంది. ఆ దారి పట్టకండి. 64 సరిసంఖ్య కాబట్టి 2⁶⁴ ఒక వర్గం. వర్గంలోంచి ఒకటి తీసేసినది ఏదైనా (మూలం − 1) × (మూలం + 1) అవుతుంది. అంటే

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

ఎడమ ముక్క మళ్లీ అదే రూపంలో ఉంది. దాన్నీ చీల్చండి: (2¹⁶ − 1)(2¹⁶ + 1). మళ్లీ ఎడమ ముక్క. ఇలా చివరిదాకా పోతే ఎడమ పక్కన 1 మిగిలి, కుడి ముక్కలన్నీ వరసగా నిలబడతాయి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది. ఒక్క భాగహారం కూడా చేయలేదు.

ఈ ఆరింటినీ ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫ్రాన్సుకు చెందిన పియెర్ ద ఫెర్మా 1640లో ఈ రూపంలో (2 మీద ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ, ఒకటి కలుపుతూ పోతే వచ్చేవి) ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన మాట నిజం. ఆరోదాని దగ్గరే కథ మలుపు తిరిగింది.

వీటికి ఇంకో మంచి గుణం ఉంది. ఒక్కోదాని లోంచి 2 తీసేస్తే ముందున్న వాటన్నిటి లబ్ధం వస్తుంది. 257 − 2 = 255 = 3 × 5 × 17. కాబట్టి ఒకే ప్రధాన సంఖ్య రెండు ఫెర్మా సంఖ్యలను భాగిస్తే అది 2నూ భాగించాలి. ఇవన్నీ బేసి సంఖ్యలు గనుక అది కుదరదు. ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదు. ఈ మాట కాసేపట్లో మళ్లీ అక్కరకు వస్తుంది.

నాలుగో మెట్టు: చిన్న ముక్కలు ప్రధానమో కాదో తేల్చండి

3, 5, 17 గురించి చెప్పేదేమీ లేదు. 257కు వర్గమూలం 16 కొద్దిగా దాటుతుంది. 13 వరకు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడండి. ఏదీ పోదు. 257 ప్రధానమే.

65537 వర్గమూలం 256 చిల్లర. మామూలుగా అయితే 256లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే 54 సార్లు, భాగించాలి. అంత పని లేకుండా చేసే వాదన ఒకటి ఉంది. కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే తరవాతి పని అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

2¹⁶ + 1ను భాగించే ప్రధాన సంఖ్యను ‘ప’ అందాం. అప్పుడు ‘ప’తో భాగిస్తే 2¹⁶ శేషం −1. దాని వర్గం 2³² శేషం 1. ఇప్పుడు 2 ఘాతాల్లో శేషం 1 ఇచ్చే మొట్టమొదటి ఘాతం ఏది? అది 32ను భాగించాలి. 16 గాని అంతకు తక్కువ గాని అయితే 2¹⁶ శేషం కూడా 1 కావాలి. కాని అది −1. కాబట్టి మొదటి ఘాతం సరిగ్గా 32. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం (ప − 1)వ ఘాతానికీ శేషం 1. అందువల్ల ప − 1ను 32 భాగించి తీరాలి.

అంటే 33, 65, 97, 129, 161, 193, 225 మాత్రమే చూడాలి. వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193. 65537ను 97తో భాగిస్తే శేషం 62, 193తో భాగిస్తే 110. అయిపోయింది. 54 భాగహారాలు రెండుకు దిగాయి, 65537 ప్రధాన సంఖ్య అని తేలింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని భద్రంగా ఉంచడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ గుప్తలేఖనంలో బహిరంగ ఘాతంగా ఎక్కువగా వాడే సంఖ్య ఇదే. ద్విసంఖ్యామానంలో దీనిలో రెండే ఒకట్లు ఉంటాయి కాబట్టి ఘాతం వేసే పని త్వరగా ముగుస్తుంది.

ఐదో మెట్టు: 4294967297ను విరగగొట్టండి

అదే వాదన ఇక్కడ వాడితే భాగించే ప్రధాన సంఖ్య 64తో భాగిస్తే శేషం 1 వచ్చేదై ఉండాలి. వరస రాయండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... ప్రధానం కానివి కొట్టేయండి. 193, 257, 449, 577, 641 మిగులుతాయి. 257 మరో ఫెర్మా సంఖ్య, ఉమ్మడి కారణాంకం ఉండదని ఇందాకే చూశాం కనుక అదీ పోయింది.

మిగిలిన వాటితో పది అంకెల సంఖ్యను నేరుగా భాగించకండి. 2¹⁶ = 65536 శేషం కనుక్కుని, దాన్ని వర్గం చేసి మళ్లీ శేషం తీయండి.

193: 65536 శేషం 109. 109 వర్గం 11881, శేషం 108. ఒకటి కలిపితే 109. పోలేదు.

449: 65536 శేషం 431, అంటే −18. వర్గం 324. ఒకటి కలిపితే 325. పోలేదు.

577: శేషం 335. వర్గం 112225, శేషం 287. ఒకటి కలిపితే 288. పోలేదు.

641: 641 × 102 = 65382, శేషం 154. 154 వర్గం 23716. 641 × 37 = 23717. అంటే శేషం −1. ఒకటి కలిపితే సున్నా!

ఈ చివరి వరసను మీ చేత్తో మీరు రాయాలి. చదివితే రాని ఆనందం అది. 1732లో గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ ఈ 641నే బయటపెట్టి, 92 ఏళ్ల నాటి ఫెర్మా నమ్మకానికి తెరదించాడు. అప్పటి నుంచి ఫెర్మా సంఖ్యల్లో కొత్త ప్రధాన సంఖ్య ఒక్కటీ దొరకలేదు.

భాగిస్తే 4294967297 = 641 × 6700417.

ఆరో మెట్టు: మిగిలిన 6700417

ఇది ప్రధానమో కాదో తేల్చకుండా పని పూర్తయిందనుకోకండి. వర్గమూలం 2588కీ 2589కీ మధ్య ఉంది. 64 వరసలో అక్కడిదాకా 40 సంఖ్యలున్నాయి. వాటిని సగం చేసే ఉపాయం ఉంది. ‘ప’ను 8తో భాగిస్తే శేషం 1 వచ్చేటప్పుడు, ‘ప’తో భాగిస్తే శేషం 2 ఇచ్చే వర్గం ఒకటి తప్పక ఉంటుంది. ఆ వర్గపు మూలానికి శేషం 1 వచ్చే మొదటి ఘాతం 128 అవుతుంది. కాబట్టి ప − 1ను 128 భాగించాలి. ఈ మెరుగు ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా చేసినది.

128 వరసలో 2588 లోపు ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. వీటిలో 257 సంగతి ముందే తేలింది. మిగిలిన నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధాన సంఖ్య.

మొత్తం కారణాంకాలు ఇవీ:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడో మెట్టు: ఇక పంట కోసుకోండి

కారణాంకాలు చేతికొచ్చాక మిగతావి సూత్రాలే. ఏడు ప్రధాన సంఖ్యలూ ఒక్కోసారే వచ్చాయి. ప్రతిదాన్నీ తీసుకోవడమా మానడమా అన్నవి రెండేసి దారులు. భాజకాల సంఖ్య 2⁷ = 128.

భాజకాలన్నిటి మొత్తానికి ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి గుణించండి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 12975236915480337153. అది మన సంఖ్య కన్నా తక్కువ. కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య (తనను వదిలేసి మిగతా భాజకాల మొత్తం తనకే సమానమయ్యేది) కాదు, దానికి కొరతగానే ఉంది.

మన సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని, దానికన్నా చిన్న సంఖ్యలు ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ఒక్కోదాని లోంచి ఒకటి తీసి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416 = 9208981628670443520. మొత్తంలో దాదాపు సగం. ఇంత పెద్ద గుణకారాలు చేసినప్పుడల్లా రెండో మెట్టులోని శేషాల పరీక్ష మళ్లీ చేయండి. నేను పై రెంటికీ చేశాకే ఇక్కడ రాశాను.

128 భాజకాల్లో 32 మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. 3, 5, 17, 257, 65537 మాత్రమే కలిసి ఏర్పడేవి అవి. 1796లో జర్మన్ గణితవేత్త గౌస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని నిరూపించాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, మనకు తెలిసినంతలో అలా గీయగలిగిన బహుభుజులు సరిగ్గా 31. ఆ 32లో 1ని వదిలేస్తే మిగిలే సంఖ్యలే వాటి భుజాల సంఖ్యలు. గింజల లెక్కలో జ్యామితి దాగి ఉండడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

వేరే సంఖ్యల మీద ప్రయత్నించేటప్పుడు

ఘాతం విడిపోయేదైతే ముందు సర్వసమీకరణం వాడండి. ఘాతమే ప్రధాన సంఖ్య అయితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఐదో మెట్టులో చేసినట్టు శేషాలతో జల్లెడ పట్టడం ఒక్కటే మిగులుతుంది. 2⁶⁷ − 1 అలాంటిదే. భాజకాలన్నీ 134తో (67 × 2) భాగిస్తే శేషం 1 వచ్చేవే అయినా, అతి చిన్న ప్రధాన భాజకం 193707721. అంటే 134 వరసలో 14,45,580వ సంఖ్య. దాన్ని 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ చేతి లెక్కతో పట్టుకున్నాడు. మొదటిసారే దాని జోలికి పోకండి.

2²⁹ − 1 తీసుకోండి, 53,68,70,911. ప్రధాన ఘాతమే గాని మన చేతికి అందుతుంది. భాజకాలన్నీ 58తో భాగిస్తే శేషం 1 వచ్చేవి: 59, 117, 175, 233... ప్రధానం కాని రెంటినీ కొట్టేసి, 59తో చూసి, తరవాత 233తో చూడండి. పోతుంది. వచ్చిన 2304167 కూడా ప్రధానం కాదు. అది రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. అదే 58 వరసలో ముందుకు వెళ్తూ ఉంటే 20వ సంఖ్య చేరేలోపే మొదటిది తగులుతుంది.